పెరిగిన నీటి వాసన

(పాఠశాల వార్షికోత్సవ సభయందు ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగము)

 

పాఠశాల పరిస్థితిని గూర్చి కార్యదర్శిగారు తమ నివేదికలో వివరముగా చెప్పియున్నారు. పరీక్షాఫలితములు, కొత్త గదికి కావలసిన పైకప్పు, గ్రంథాలయమునకు చేరిన పుస్తకములు, ఇవి యన్నియు మీరు వింటిరి. నేను మరల వానినే చెప్పి మీకు విసుగు కలిగింపను. గడచిన ఆశ్వయుజ మాసమున నేను సెలవు పెట్టి, అమెరికాదేశమందున్న మా అమ్మాయి ఇంట మూడు వారములు ఉంటిని. అక్కడ ఒక మహాసరస్సు ఒడ్డున చేపలవేట చూచితిని. బడిపంతులు చేపలవేటను గూర్చి ప్రసంగించుట యేమని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. గోపాలపురము నుండి వచ్చిన పెద్దలకైతే ఈ విషయమున నాకే పాఠము చెప్పదగినంత అనుభవమున్నది. అయినను కొంచెము ఓపికతో వినవలెనని ప్రార్థన. ఆ చేపల కథకును మన బడి కథకును సంబంధమున్నది.

మా అమ్మాయి ఉండునది విస్కాన్సిన్ రాష్ట్రములోని మిల్వాకీ నగరము. అది మిచిగన్ సరస్సునకు పడమటి ఒడ్డున ఉన్నది. సరస్సనగానే మన బరంపురమువారికి చిలికా గుర్తుకు వచ్చును. వానకాలమున నిండినప్పుడు చిలికా వైశాల్యము సుమారు 1,100 చదరపు కిలోమీటర్లు. మిచిగన్ సరస్సు వైశాల్యము సుమారు 58,000 చదరపు కిలోమీటర్లు. అనగా ఏబది చిలికాలు అందులో పట్టును. పొడవు 490 కిలోమీటర్లు, మిక్కిలి లోతైన చోట 280 మీటర్లు. అవతలి ఒడ్డు కంటికి కనబడదు. అలలు లేచును, ఓడలు తిరుగును, కాని నీరు మాత్రము మంచినీరు. మొదటి దినమున నేను దోసెడు నీరు తీసి నాలుకకు తాకించి చూచితిని. ఉప్పు లేదు. సముద్రమువలె కనబడి చెరువునీటివలె రుచించిన ఆ నీరు నాకు వింతగా తోచినది.

ఆ సరస్సులో నేడు విరివిగా వేటాడు చేప సాల్మన్. అది అక్కడి చేప కాదు, పసిఫిక్ మహాసముద్రపు చేప. ఏటిలో పుట్టి, పిల్లగా ఉన్నప్పుడే సముద్రమునకు పోయి, అక్కడ పెరిగి, తుదకు గుడ్లు పెట్టుటకు మరల ఏటికి వచ్చును. గోదావరికి ఎర్రనీరు వచ్చు దినములలో సముద్రము నుండి ఎదురీదివచ్చు పులసను గూర్చి మీరు వినియుందురు. పుస్తెలు అమ్మియైనను పులస తినవలెనని సామెత కూడ ఉన్నది. సాల్మన్ కూడ అట్టి వలసచేపయే. అయితే కోహో, చినూక్ అను సాల్మన్ జాతులు జీవితములో ఒక్కమారే గుడ్లు పెట్టును. పెట్టిన కొలదిదినములకే చచ్చిపోవును.

సముద్రపు చేప మంచినీటి సరస్సునకు ఎట్లు వచ్చెను? మనుష్యులు తెచ్చిరి. ఆ సరస్సునకు సహజమైన పెద్దచేప ట్రౌట్. ఓడల కొరకు త్రవ్విన కాలువల వెంట లాంప్రే అను జలగవంటి ప్రాణి పైసరస్సులకు చేరి, 1936లో మిచిగన్ సరస్సున కనబడెను. అది పెద్దచేపల ఒంటిని నోటితో కరచిపట్టి రక్తము పీల్చును. దానివలనను, మితిమీరిన వేటవలనను 1950ల నాటికి ట్రౌట్ దాదాపు నశించెను. తినువారు లేకపోవుటచే, 1949లో ఆ సరస్సునకు చేరిన ఏల్‌వైఫ్ అను చిన్నచేప లెక్కకు మిక్కిలిగా పెరిగెను. 1967లో ఆ చిన్నచేపలు కుప్పతెప్పలుగా చచ్చి ఒడ్డునకు కొట్టుకొనివచ్చెను. ఆ దుర్గంధమునకు జనులు ఒడ్డున నిలువలేకపోయిరి.

అంతకు ముందే, మిచిగన్ రాష్ట్ర మత్స్యశాఖకు అధిపతియైన హోవర్డ్ టానర్ ఒక ఉపాయము ఆలోచించి యుండెను. పసిఫిక్ తీరమందలి ఆరిగన్ రాష్ట్రము నుండి కోహో సాల్మన్ గుడ్లు తెప్పించి, పిల్లలను పెంచి, 1966 వసంతకాలమున సరస్సులో కలియు ఏళ్ళలో విడిపించెను. మరుసటి యేడు చినూక్ అను మరింత పెద్దజాతిని కూడ విడిచిరి. ఆ పిల్లలు సరస్సునే సముద్రముగా ఎంచుకొని, ఏల్‌వైఫులను తిని బలిసినవి. 1967 శరత్కాలమున పెద్దవై తిరిగివచ్చినప్పుడు వేటకాండ్రు వేలకొలది ఒడ్డున గుమికూడిరట.

ఇక వేట సంగతి. సాల్మన్ చన్నీటి చేప. వేసవిలో ఒడ్డునీరు వెచ్చబడును గనుక అది దూరముగా, లోతున ఉండును. పడవలు గలవారికే అప్పుడు దొరకును. ఆగస్టు చివర మొదలుకొని అక్టోబరు వరకు, ఈడు వచ్చిన చేపలు తమ ఏటి మొగను వెదకుచు ఒడ్డునకు చేరును. వాన పడి ఏరు పెరుగువరకు మొగల యొద్దను, రేవుల లోపలను తిరుగుచుండును. ఒక గాలపుగడ తప్ప మరేమియు లేని బీదవాడు సైతము అప్పుడు రాతికట్టపై నిలిచి పెద్దచేపను పట్టగలడు. శరత్కాలపు వేటయందలి గొప్ప యిదియే.

వేటకాండ్రు గాలి దిక్కును జాగ్రత్తగా గమనింతురు. పడమటి ఒడ్డువారికి పడమటిగాలి మేలు. నేల మీది నుండి వీచు గాలి పైనున్న వెచ్చని నీటిని లోపలికి త్రోసివేయును. దాని చోటికి అడుగునున్న చల్లని నీరు ఒడ్డున పైకి వచ్చును. ఆ నీటితో చేపయు వచ్చును. ఇది గోపాలపురము పెద్దలకు నేను చెప్పనక్కరలేదు.

ఒకనాడు తెల్లవారుజామున మా అల్లుడు నన్ను రేవు కట్టకు తీసికొనిపోయెను. చలికి చేతులు కొంకర్లు పోవుచుండెను. అప్పటికే కట్ట పొడవునను మనుష్యులు బారులు తీరి యుండిరి. వెలుగు వచ్చుటకు ముందును, ప్రొద్దు గ్రుంకిన పిమ్మటను చేప ఒడ్డునకు మరింత దగ్గరగా వచ్చునట. కొందరు చెంచా ఆకారముగల లోహపు ఎరలను విసరి లాగుచుండిరి. చీకటిలో మెరయు రంగు పూసిన ఆ ఎరలను దీపమునకు చూపి మరల విసరుదురు. కొందరు బెండు క్రింద సాల్మన్ గుడ్ల ముద్దను కట్టి నీట విడిచిరి. ఒక వింత సంగతి అక్కడనే తెలిసినది. ఈడు వచ్చి ఏటికి తిరిగిన సాల్మన్ ఆహారము మానివేయును. దాని పొట్ట ముడుచుకొనిపోవును. మరి గాలమును ఏల కరచును? ఆకలిచేత గాదు, చిరాకుచేతనో పాత అలవాటుచేతనో కరచును. అందుచేత ఒక్కొక్కడు రెండుమూడు గంటలు విసరినను ఫలితముండదు. ఎవ్వరును విసుగుకొనలేదు.

మా ప్రక్కను ఒక వృద్ధుడు, పండ్రెండేండ్ల మనుమడు ఉండిరి. వారు హ్మాంగ్ జాతివారు. 1975 తరువాత లావోస్ కొండల నుండి శరణార్థులై వచ్చి ఆ జాతివారు విస్కాన్సిన్‌లో పెక్కుమంది స్థిరపడిరి. వృద్ధుని గడ ఒక్కసారిగా వంగెను. దారము బుర్రుమని పోవుచుండెను. అతడు తన భాషలో గట్టిగా ఏదో కేక వేసెను. మనుమడు వెంటనే పొడవైన పిడిగల వలను అందుకొని, నీటి యంచునకు దిగి, చేప తల వలలోనికి వచ్చువరకు కదలక నిలిచెను. ఇరువది నిమిషములు పట్టెను. చేప యెనిమిది కిలోలకు తక్కువ ఉండదు. అది సరస్సులోని వెండిరంగు పోయి గోధుమరంగునకు తిరుగుచుండెను. మగచేప గనుక దవడ కొక్కెమువలె వంగియుండెను. ఆ వృద్ధుడు అన్న మాట యేమని బాలుని ఇంగ్లీషులో అడిగితిని. “వలతో చేపను వెంబడించవద్దు, చేపే వలలోకి వస్తుంది అన్నాడు మా తాత. ఇంగ్లీషులో అంత చిన్నగా చెప్పడం రాదు” అని అతడు నవ్వెను.

ఆ కట్టపై రెండు సంగతులు తప్పక చెప్పుదురు. ఒకటి నియమము. పెద్దవారు ప్రభుత్వపు లైసెన్సు లేనిదే గాలము వేయరాదు. దినమునకు ఇన్ని చేపలని హద్దున్నది. నోటికి గాక ఒంటికి గాలము తగిలిన చేపను విడిచిపెట్టవలెను. రెండవది గాలి మారినప్పుడు వెంటనే కట్ట దిగవలెను. 1967 సెప్టెంబరు 23వ తేదీన, అవతలి ఒడ్డున ప్లాట్ నది మొగ ప్రాంతమున, తుపాను హెచ్చరికను లక్ష్యపెట్టక చిన్నపడవలలో చేపలకై పోయిన వారిలో ఏడుగురు మునిగిపోయిరి. సరస్సే గదా యని తేలికగా ఎంచరాదు.

మరికొన్ని దినములకు, మిల్వాకీకి దక్షిణమున నున్న రేసీన్ అను ఊరికి పోయితిమి. అక్కడ రూట్ నదిపై మత్స్యశాఖవారి కేంద్రమొకటి యున్నది. నదికి అడ్డుకట్టి, చేపలు ఒక మెట్లకాలువ వెంట ఎగిరి తొట్టెలలోనికి వచ్చునట్లు చేసిరి. గాజుకిటికీ గుండ వానిని చూడవచ్చును. రెక్కలు చిరిగి, ఒళ్ళు గాయపడి, అయినను తలలు ప్రవాహమునకు ఎదురుగా పెట్టి నిలిచియుండెను. ఉద్యోగులు వాని గుడ్లు తీసి, పిల్లలను పెంచి, వసంతమున మరల నదిలో విడుతురు. ఏలననగా ఆ ప్రాంతపు ఏళ్ళలో వేసవి నీరు వెచ్చన, అడుగున బురద. గుడ్లు తమంతట తాము పొదిగి పిల్లలగుట అరుదు. తూర్పు ఒడ్డున మిచిగన్ రాష్ట్రపు ఏళ్ళు చల్లనివి, అడుగున గులకరాళ్ళు గలవి. అక్కడ సాల్మన్ తానై వృద్ధి పొందుచున్నది. నేడు ఆ సరస్సులోని చినూక్ చేపలలో సగమునకు పైగా ఏళ్ళలో తమంతట తామే పుట్టినవట.

ఇంత పెద్ద నీటిలో మూడునాలుగేండ్లు తిరిగిన చేప తన యేటిని ఎట్లు గుర్తుపట్టును? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పినవాడు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఆర్థర్ హాస్లర్. ఆయన 1946లో తన సొంత రాష్ట్రమైన యూటాలో ఒక కొండ యెక్కుచుండగా, ఒక జలపాతము చాటు నుండి వచ్చిన నాచు వాసన, పూల వాసన ముక్కునకు తగిలెను. వెంటనే మరచిపోయిన బాల్యమంతయు జ్ఞప్తికి వచ్చెను. మనుష్యునకే యిట్లయినచో చేపకు ఏల కాకూడదని ఆయనకు తోచెను. పిమ్మట 1970లలో, ఆయనయు శిష్యులును సాల్మన్ పిల్లలను కొన్ని వారములు మార్ఫోలీన్ అను ద్రవ్యము అతిస్వల్పముగా కలిపిన నీట ఉంచి సరస్సులో విడిచిరి. ఏడాదిన్నర గడచిన పిమ్మట మిల్వాకీకి దక్షిణమున ఓక్ క్రీక్ అను చిన్నవాగులో ఆ ద్రవ్యమునే చుక్కలుగా కలిపిరి. ఆ వాసన ఎరిగిన చేపలు ఆ వాగునకే వచ్చెను. ఎరుగనివి ఆ విధముగా రాలేదు.

ఆ వాసన చేప మనస్సున నాటుకొను కాలము మిక్కిలి స్వల్పము. చిన్నపిల్ల ఏరు విడిచి పెద్దనీటికి పోవుటకు సిద్ధపడు కొన్ని వారములు మాత్రమే. అందుచేతనే పిల్లలను నేరుగా సరస్సులో కుమ్మరింపక, కొన్నిచోట్ల ఏటి మొగలో వలపంజరములలో కొంతకాలము ఉంచి విడుతురు. తొందరపడి ఆ కాలము తప్పించినచో, చేప పెరుగును, బలియును, కాని ఎక్కడికి తిరిగిరావలెనో దానికి తెలియదు.

తల్లిదండ్రులారా, ఆ గాజుకిటికీ యెదుట నిలిచినప్పుడు నాకు సిగ్గు వేసినది. కారణము చెప్పెదను. ఈ సంగతి నేను ఈ వేదికపై ఇంతవరకు చెప్పలేదు.

నేను ఈ బడిలో ఉపాధ్యాయుడనై మీ యిండ్లకు వచ్చి, పిల్లలను తెలుగు తరగతిలో చేర్పింపుడని బ్రతిమాలిన దినములలో, నా కుమార్తెను ఈ బడిలో చేర్పింపలేదు. ఇంగ్లీషు బడికి రిక్షాలో పంపితిని. లోకము ఎటు పోవుచున్నదో తెలిసినవాడనని అనుకొంటిని. ఆమె చక్కగా చదువుకొన్నది, మంచి ఉద్యోగము చేయుచున్నది. అందులకు నాకు సంతోషమే. తెలుగు మాటలాడును. కాని చదువలేదు, వ్రాయలేదు.

మా అమ్మ తన చివరి రోజులలో ఒక నోటుపుస్తకము మనుమరాలికని వ్రాసి యిచ్చినది. మాగాయ పెట్టు విధానము, ఇంటివారి పుట్టినరోజులు, తాను కాపురమునకు వచ్చిన నాటి సంగతులు, 1936లో ఒడిస్సా ఏర్పడినప్పుడు మా తాతగారు బరంపురము విడువకుండుటకు కారణము, అన్నియు అందులో ఉన్నవి. ఆ పుస్తకము మిల్వాకీలో పట్టుగుడ్డ చుట్టి బీరువాలో భద్రముగా ఉన్నది. పదునొకండు సంవత్సరములుగా దానిని చదివినవారు లేరు. “నాన్నగారూ, మీరున్నన్ని రోజులూ రాత్రిపూట కాస్త చదివి పెట్టండి” అని మా అమ్మాయి అడిగెను. మూడు రాత్రులు చదివితిని. నాలుగవ రాత్రి అయిదేండ్ల మనుమరాలు, “తాతయ్యా, అమ్మకెందుకు చదవడం రాదు?” అని అడిగెను. మా అమ్మాయి నా వైపు చూడలేదు. ఏమియు అనలేదు. అనినచో బాగుండెడిది.

పిల్లలు చేపలు కారు. మనుష్యుడు నలువది యేండ్లకైనను అక్షరములు నేర్వగలడు. మా అమ్మాయి ఇప్పుడు కూతురితోబాటు నేర్చుకొనుచున్నది. అయినను ఆరేండ్ల బిడ్డకు ఆటగా వచ్చు చదువు, ఉద్యోగము, సంసారము గల తల్లికి ఎంత భారమో కన్నులార చూచి వచ్చితిని.

మరియొక సంగతి. ఆ సరస్సు సాల్మన్ తిరిగి ఆరిగన్‌కు పోదు. ఎన్నో తరముల క్రిందట గుడ్లు అక్కడి నుండి వచ్చినను, అది తిరిగిపోవునది తాను పెరిగిన ఏటికే. తెలుగు నేర్పుట పిల్లలను ఆంధ్రదేశమునకు తోలుట కొరకని కొందరు అనుకొందురు. కాదు. మన ఇల్లు ఇదియే. మన తాతల తెలుగు ఈ బరంపురపు తెలుగే. ఒడియా మన పొరుగువారి భాష, మన అంగడి భాష, మన ప్రభుత్వ భాష. దానిని మన పిల్లలు బాగుగా నేర్వవలెను. ఇంగ్లీషును నేర్వవలెను. ఒక్క ఆహారమునే నమ్ముకొనుట మంచిది కాదు. ప్రక్కనున్న హ్యూరన్ సరస్సున 2003–04 ప్రాంతమున ఏల్‌వైఫ్ క్షీణించినప్పుడు, దానినే నమ్ముకొన్న చినూక్ కూడ పడిపోయెను. కాని నేర్చిన మూడు భాషలలో ఇంటి భాష లేకపోవుట ఏమి న్యాయము?

ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధించుటకు ప్రభుత్వములు వసతులు కల్పింపవలెనని 1956లో మన రాజ్యాంగమున 350ఎ అధికరణము చేర్చిరి. వసతి కల్పించుట వారి పని. ఆ వసతిలో పిల్లలను కూర్చుండబెట్టుట మన పని. ఈ యేడు ఒకటవ తరగతి పిల్లలు రెండు బెంచీలకు సరిపోయిరి. ఒకప్పుడు ఆ గదిలో నేలమీద కూడ చోటుండెడిది కాదు. రెండు బెంచీలు ఒక బెంచీ అయిననాడు ఆ తరగతిని ఎట్లు నిలుపుకొందుమో నాకు తెలియదు.

తూర్పు ఒడ్డు ఏళ్ళవలె ఇంటిలో నీరు చల్లగా ఉన్నచోట భాష తానై నిలుచును. పడమటి ఒడ్డువలె కష్టమైనచోట ఏటేట మనుష్యుల చేయి కావలెను. మన ఊరు పడమటి ఒడ్డు వంటిది. ఈ బడి ఆ చేయి. కాని బడి ఒక్కటియే చాలదు. నేను కోరునవి రెండే. ఆరేండ్లు నిండిన బిడ్డను ఒకటవ తరగతి తెలుగు గదికి పంపుడు. రాత్రి భోజనమైన పిమ్మట పావుగంట, తల్లియో తండ్రియో, నాయనమ్మయో, బిడ్డ చేత తెలుగు చదివింపుడు. చదువురాని తల్లులు కథ చెప్పినను చాలును, ఆ కథను బిడ్డ మరునాడు బడిలో వ్రాయును.

నా మాట చాలించెదను. పోయిన వారము మిల్వాకీ నుండి ఒక ఉత్తరము వచ్చినది. పెన్సిలుతో వ్రాసిన నాలుగు పంక్తులు. రెండు పంక్తులు మనుమరాలివి, రెండు మా అమ్మాయివి. మనుమరాలి అక్షరములు గుండ్రముగా ఉన్నవి. మా అమ్మాయి వ్రాసిన దానిలో మూడు తప్పులున్నవి. ఆ తప్పులు దిద్దుటకు ఎర్రసిరా కలము తీసి, మరల మూసి పెట్టితిని. ఆ తప్పులు ఆమెవి కావు, నావి. మీ పిల్లల విషయమున నేను చేసిన పొరపాటు మీరు చేయకుందురు గాక.